సిల్వాన్ అడ్డుకున్న ఆఖరి బంతి

సిల్వాన్ మార్షాలెక్ తన ఆట జీవితం మొత్తంలో ఒక్క గోల్ కొట్టలేదు. పొరపాటున సొంత గోల్‌లోకి మాత్రం రెండుసార్లు కొట్టాడు. ఎర్సివాల్ ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. స్టేడియం గేటుకు ఎదురుగా అతని అక్క మారిలిన్ నడిపే కెఫేకి బీరు తాగడానికి వచ్చేవాళ్ళు, ఆవిణ్ణి ఉడికించాలనుకున్నప్పుడల్లా ఆ రెండింటినీ తవ్వి తీస్తారు. ఆవిడేమీ తక్కువ తినలేదు.

"కొట్టినవి రెండు, సరే. ఆపినవి ఎన్నో చెప్పు చూద్దాం! నీ పెళ్ళి తారీఖే గుర్తుండదు నీకు," అంటుంది.

ఆవిడ అన్నది నిజమే. గోల్ కొట్టినవాడి బొమ్మ పేపర్లో వేస్తారు. గోల్ కాకుండా చూసినవాడి బొమ్మ వెయ్యాలంటే ఏం చూపించి వేస్తారు? సిల్వాన్ ఫోటోలు పేపర్లలో లేకపోలేదు. కానీ వాటిలో అతను ఎవడో ఫార్వర్డు భుజం వెనక సగం మొహంతో, నోరు తెరుచుకుని ఉంటాడు. మారిలిన్ వాటన్నిటినీ కత్తిరించి గోడకి అంటించింది. చూసినవాళ్ళు ముందున్నవాడి పేరే అడుగుతారు.

పదమూడేళ్ళప్పుడు అతన్ని క్లబ్బు అకాడమీలోకి తీసుకున్నది ఎద్మోన్ కార్లియే మాస్టారు. ఎంపికల రోజున చురుకైన కుర్రాళ్ళు బోలెడుమంది వచ్చారు. సిల్వాన్ పొడుగ్గా, నెమ్మదిగా, ఎవరిమీదో అలిగినట్టు ఒక పక్కన నిలబడ్డాడు. "వీడికి కాళ్ళు లేవు గానీ కళ్ళున్నాయి. కాళ్ళ సంగతి నేను చూసుకుంటా," అన్నాడు కార్లియే. చూసుకున్నాడు కూడా. వాన పడి మైదానం బురదయితే మిగతా కోచ్‌లు పిల్లల్ని లోపలికి పంపేసేవాళ్ళు. ఈయన సరిగ్గా అప్పుడే డిఫెండర్లని బయటికి తీసేవాడు. పరిగెత్తుకొచ్చేవాడి కాళ్ళ మధ్యనుంచి బంతి ఒక్కటే బయటికి వచ్చేలా నేలమీద జారి తన్నాలి. వాడి కాలు తగిలితే తప్పు, బంతి తగలకపోతే ఇంకా పెద్ద తప్పు. పిల్లల తుంటిమీద చర్మం లేచిపోయేది.

"ఆలోచించి జారావంటే వాడు అప్పటికే పోయుంటాడు. నీ కాలు నిన్ను అడక్కుండా వెళ్ళాలిరా," అనేవాడాయన.

గనిలో పనిచేసి ఇంటికొచ్చేసిన సిల్వాన్ తండ్రి కొడుకు తుంటి చూసి, ఇంతకంటే గనే నయం కదరా అన్నాడు. అప్పటికే గనికి మంగళం పాడేశారు.

పంతొమ్మిదో ఏట మొదటి ఆట ఆడాడు. కుర్రాళ్ళ జాతీయ జట్టు నుంచి ఒకసారి పిలుపొస్తే వెళ్ళి, ఎస్టోనియా చలిలో బెంచీమీద దుప్పటి కప్పుకు కూర్చుని తిరిగొచ్చాడు. ఎర్సివాల్ తరఫున రెండో డివిజన్‌లో ఆరేళ్ళు ఆడాక, తూర్పున ఒక పెద్ద క్లబ్బు మొదటి డివిజన్‌కి తీసుకుపోయింది. అక్కడ సగం సీజను ఆడాడు, మిగతా సగం మోకాలి ఆపరేషన్ తినేసింది. ఆ తర్వాత బ్రెతాన్ తీరంలో ఒక క్లబ్బు, కొండల్లో ఇంకొకటి, చివరికి దక్షిణాన సముద్రం పక్కన వెర్నాక్. పెళ్ళి బ్రెతాన్‌లో అయింది, కొండల్లో విడిపోయింది. భార్య అతన్ని పెద్దగా తిట్టలేదు. "ఇంట్లో కూడా నాకు అడ్డంగా నిలబడి కాపలా కాస్తున్నట్టే ఉంటావు," అని మాత్రం అంది. ఇందులో ఏడవాల్సినంత విషాదమేమీ లేదు. ఫ్రాన్సులో ఇలాంటి ఆటగాళ్ళు ఊరికొకరు ఉంటారు. పేరు చెబితే, ఆఁ, ఆ పొడుగాయనా, అంటారు జనం.

అలాంటివాడికి ముప్పై అయిదేళ్ళు వచ్చాక ఎక్కడికెళ్ళాలన్న ప్రశ్న వస్తుంది. సిల్వాన్‌కి ఆ జవాబు క్రిస్మస్ సెలవుల్లో అక్క వంటింట్లోనే దొరికింది. కార్లియే వచ్చి, చికోరీ కాఫీలో పంచదార కలుపుకుంటూ, ఏదో వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

"నా మోకాళ్ళు పోయాయిరా. జులైలో వచ్చెయ్. అకాడమీలో డిఫెండర్లని నువ్వు చూసుకో. ప్రెసిడెంటుతో మాట్లాడేశాను."

సిల్వాన్ తల ఊపాడు. ఆ రాత్రి అక్కతో కలిసి గిన్నెలు కడుగుతూ, కెఫే మీది గది ఖాళీ చేయించి గోడలకి రంగు వేయించమన్నాడు. అతనికి ఆ ఊరు కావాలి. ఆ బురద, ఆ పిల్లలు, ఆదివారం అక్క వండే మాంసం, వీధిలో కనిపించినవాళ్ళు ఒరే సిల్వా అని పిలవడం కావాలి. ఇన్నేళ్ళలో దేన్నీ అంతగా కోరుకోలేదు.

వసంతం వచ్చేసరికి ఎర్సివాల్ జట్టు జారడం మొదలుపెట్టింది. ఒకటి ఓడారు, రెండోది డ్రా, మళ్ళీ ఓడారు. మూడో డివిజన్‌కి పడిపోతే అకాడమీ నడపడం తమవల్ల కాదని ప్రెసిడెంటు బహిరంగంగానే చెప్పేశాడు. మే నెల వచ్చేసరికి లెక్క తేలిపోయింది. సీజన్‌లో ఆఖరి ఆట డ్రా అయితే చాలు, ఎర్సివాల్ రెండో డివిజన్‌లో ఉంటుంది. ఓడితే కిందికి. ఆ ఆఖరి ఆట సొంత మైదానంలోనే, సిల్వాన్ ఇప్పుడు ఆడుతున్న వెర్నాక్ మీద. వెర్నాక్‌కి గెలిచినా ఓడినా ఒకటే. సిల్వాన్‌కి అదే చివరి ఆట.

ఆ వారమంతా కెఫేలో ఇదే గోల. సిల్వాన్ తండ్రితో కలిసి గనిలో దిగిన ఫెర్నాన్ అనే ముసలాయన రోజూ మధ్యాహ్నమే వచ్చి కిటికీ పక్కన కూర్చునేవాడు.

"ఏమే మారిలిన్, మనవాడు శనివారం తలుపు కొంచెం ఓరగా తెరిచిపెడతాడంటావా?" అన్నారు ఎవరో వెనక బల్ల దగ్గర్నుంచి.

"మావాడు అలాంటివాడు కాదు."

"అలాంటివాడు కావాలనే కదే నేను మొక్కుకుంటున్నా!" అన్నాడు ఫెర్నాన్. అందరూ గొల్లుమన్నారు. మారిలిన్ కూడా నవ్వింది, నవ్వి లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

అక్కడ వెర్నాక్‌లో జట్టువాళ్ళు కూడా ఊరుకోలేదు. "సొంత గోల్‌లోకి కొట్టడం నీకు అలవాటేగా, మూడోది కూడా కొట్టెయ్," అన్నాడు గోల్‌కీపరు. సిల్వాన్ నవ్వాడు. కోచ్ మాత్రం అతన్ని పక్కకి పిలిచి నెమ్మదిగా అడిగాడు.

"ఇబ్బందిగా ఉంటే చెప్పు. తొడ పట్టేసిందని రాయించేస్తా. ఎవరూ ఏమీ అనుకోరు."

"ఆడతాను," అన్నాడు సిల్వాన్.

సొంత ఊళ్ళో ఆఖరి ఆట ఆడాలన్న ఆశ ఉంది, అది నిజమే. దాని కింద ఇంకో ఆలోచన ఉంది. బయట కూర్చుంటే ఏమీ చెయ్యలేడు, లోపలుంటే ఏదో ఒకటి చెయ్యొచ్చు. ఆ ఏదో ఒకటి ఏమిటో అతను తనకి తాను కూడా చెప్పుకోలేదు. ఆ వారంలో కార్లియే ఒకసారి ఫోన్ చేశాడు. వాన గురించి, గడ్డి గురించి, తన మోకాళ్ళ గురించి మాట్లాడాడు. ఆట ఊసెత్తలేదు. ఎత్తితే బాగుండదని ఇద్దరికీ తెలుసు.

శనివారం సాయంత్రం ఆట మొదలుకాకముందు ప్రెసిడెంటు సిల్వాన్‌ని మైదానం మధ్యకి పిలిచి గని దీపం ఒకటి బహూకరించాడు. ఎర్సివాల్‌లో మర్యాదగా సాగనంపాల్సినవాళ్ళకి అదే ఇస్తారు. స్టేడియమంతా లేచి నిలబడి అతని పేరు పాడింది. సిల్వాన్ దీపాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని అవతల బెంచీమీద పెట్టొచ్చాడు.

మొదటి సగం ఎవరికీ గోల్ లేదు. రెండో సగంలో కూడా చాలాసేపు అలాగే సాగింది. అలాగే అయిపోతే అందరూ ఇళ్ళకెళ్ళి తాగి పడుకునేవాళ్ళు. కానీ వెర్నాక్ తరఫున కొత్తగా వచ్చిన కుర్రాడు కార్నర్ నుంచి వచ్చిన బంతిని ఊరికే కాలు పెట్టి చూశాడు. అది ఎవరి మోకాలికో తగిలి గోల్‌లో పడింది. వాడు చేతులు చాచి పరిగెత్తాడు, జట్టంతా వాడిమీద పడింది. సిల్వాన్ వెళ్ళలేదు. పాత క్లబ్బు మీద గోల్ పడినప్పుడు గంతులెయ్యకూడదన్నది ఆటగాళ్ళు పాటించే ఆచారం. మైదానం మధ్యలో నడుంమీద చేతులు పెట్టుకుని ఒక్కడూ నిలబడ్డాడు. అది చూసి ఎర్సివాల్ జనం చప్పట్లు కొట్టారు.

ఇక ఎర్సివాల్ వాళ్ళు మొత్తం ముందుకొచ్చేశారు. బంతులు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతున్నాయి. సిల్వాన్ తలతో ఒకటి తోశాడు, కాలితో ఇంకొకటి బయటికి తన్నాడు. వచ్చినదాన్ని వచ్చినట్టు తీసేస్తున్నాడు. ఒక్కొక్కటి తీసినప్పుడల్లా జనంలోంచి అబ్బా అని నిట్టూర్పు వినిపిస్తోంది. తను పంపించేస్తున్నది బంతిని కాదు, జులై నెలని అని అతనికి తెలుస్తూనే ఉంది.

రిఫరీ అదనంగా ఇచ్చిన నిమిషాలు కూడా అయిపోవస్తుండగా బంతి ఎర్సివాల్ ఫార్వర్డు యోహాన్‌కి దొరికింది. వాడూ అకాడమీలో పెరిగినవాడే, కాళ్ళున్నవాడు. ఇద్దర్ని దాటేశాడు. వెర్నాక్ గోల్‌కీపరు తొందరపడి ముందుకొచ్చి తప్పుచోట నిలబడ్డాడు. యోహాన్‌కీ గోల్‌కీ మధ్య మిగిలింది సిల్వాన్ ఒక్కడే.

వెళ్ళనీ, అనుకున్నాడు సిల్వాన్. ఇన్నాళ్ళూ తనకి తాను చెప్పుకోని మాట ఇదే. వెంటనే అడుగు వెయ్యాల్సినవాడు వెయ్యలేదు. బరువంతా ఎడమకాలి మీద ఉంచి ఆగిపోయాడు. యోహాన్ బంతిని కుడివైపుకి తోసి దాటేశాడు. దాటిపోయినట్టే. సిల్వాన్‌కి ఒళ్ళంతా తేలికైంది. సంతోషం కూడా కలిగింది.

ఆ సంతోషంలో ఉండగానే అతని కుడికాలు వెళ్ళిపోయింది. ఒళ్ళు నేలమీదకి వాలింది, గడ్డి మీద జారింది, పాదం చివర బంతిని ఒక్కదాన్నే తీసి మైదానం పక్క గీత అవతలికి నెట్టేసింది. యోహాన్‌కి గోరు కూడా తగల్లేదు. వాడు గాలిని తన్ని బోర్లాపడ్డాడు. అన్నేళ్ళలో సిల్వాన్ అంత శుభ్రంగా బంతిని తీసింది లేదు. రిఫరీ చేతులూపి తప్పేమీ లేదన్నాడు. బంతి మళ్ళీ లోపలికి వచ్చేలోపు ఆట ముగిసిందని ఈల వేశాడు.

ఈల ఆగిందో లేదో మెట్లమీంచి బీరు గ్లాసులు వచ్చి పడ్డాయి. "దీపం ఇచ్చెయ్‌రా దొంగా!" అని ఎవరో అరిచారు, ఆ కేకనే నలుగురూ అందుకున్నారు. యోహాన్ గడ్డిలో మొహం దాచుకుని ఏడుస్తున్నాడు. సిల్వాన్ లేపబోతే చెయ్యి విదిలించుకున్నాడు. టీవీ వాళ్ళు మైకు పట్టుకుని అడ్డం వచ్చారు.

"సొంత ఊరు పడిపోతుందని తెలిసీ, మీ ఉద్యోగం పోతుందని తెలిసీ... ఇంత నిజాయితీ ఈ రోజుల్లో ఎక్కడుందండీ! ఆ క్షణంలో ఏమనుకున్నారు?"

సిల్వాన్ అలసిపోయానని చెప్పి తప్పుకున్నాడు. వాళ్ళకి అది వినయంలా కనిపించింది.

స్నానం చేసి, పెరటి దారిన అక్క వంటింట్లోకి వచ్చేసరికి బయట ఇంకా వెలుగుంది. హాల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. మారిలిన్ బంగాళాదుంప ముక్కలు నూనెలో వేయిస్తోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కూర్చో. తిన్నావా?"

"లేదు."

"వాళ్ళ మాటలేం పట్టించుకోకు. తాగున్నారు. రేపటికి దిగిపోతుంది."

"దిగదక్కా."

దిగదని ఆవిడకీ తెలుసు. గోడకవతల ఎవరో అతని పేరెత్తి బండబూతు తిట్టారు, ఎవరో బల్లమీద గుద్దారు. సిల్వాన్ పళ్ళెం ముందు పెట్టుకుని కాసేపు చూసి పక్కకి నెట్టాడు.

"అక్కా, నేను వాణ్ణి వదిలేశాను."

"ఎవర్ని?"

"యోహాన్‌ని. వదిలేద్దామనే ఆగిపోయాను. వాడు దాటేశాడు కూడా. కాలు దానంతటదే వెళ్ళింది. నా ప్రమేయం లేదందులో."

మారిలిన్ జల్లిగరిటె పక్కన పెట్టి అతని మొహంలోకి చూసింది. చిన్నప్పట్నుంచీ ఆ మొహంలో అబద్ధం ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు.

"ఓరి సన్నాసీ! ఈ మాట నాకు చెప్తావేంరా? వెళ్ళి వాళ్ళకి చెప్పు! మనోడు మనకోసం ఆగాడంటే నిన్ను నెత్తిన పెట్టుకుంటారు. అకాడమీ పోతే పోయింది, ఊరు పోకుండా ఉంటుంది. లే!"

సిల్వాన్ లేచాడు. హాలు తలుపు దాకా వెళ్ళాడు. అంతలో పెరటి గుమ్మంలో కర్ర చప్పుడైంది. కార్లియే మాస్టారు తడిసిన బూట్లు చాపకి తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు.

"మాస్టారూ, నేను..."

"విన్నాను. వినక్కర్లేదు, చూశాను కూడా," అన్నాడాయన. కుర్చీ లాక్కుని మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. "ఆ జారడం నేను నేర్పిందే. దానికి ముందు ఆగావు చూడు, అది నేను నేర్పలేదు."

సిల్వాన్‌కి తలెత్తబుద్ధి కాలేదు. ఇందాక హాల్లోంచి వచ్చిన బూతుకంటే ఈ మాట లోతుగా దిగింది.

"తిట్టడానికి రాలేదురా. మెట్లమీద నిలబడి నేనూ వదిలెయ్ వదిలెయ్ అనుకున్నా. పైకే అన్నానేమో కూడా. నువ్వు ఆగడం చూసి సంబరపడ్డాను. ఈ వయసులో, ఇంతమంది పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ణి. సిగ్గుగా ఉంది."

"ఊరుకోండి మాస్టారూ," అంది మారిలిన్.

"సోమవారం పొద్దున పిల్లల్ని కూర్చోబెట్టి అకాడమీ మూసేస్తున్నారని చెప్పాలి. ఇవాళ వాళ్ళంతా గోల్ వెనకే ఉన్నారు, చూశారు. మన దగ్గర నేర్చుకున్నవాడు సొంత ఊరికోసం కూడా ఆట తప్పలేదని చెప్పుకోడానికి నాకు మిగిలింది ఇదొక్కటే. అబద్ధమని తెలుసు. అయినా చెప్తా. నువ్వు హాల్లోకెళ్ళి ఇంకోటి చెప్పావంటే వాళ్ళకి అదీ ఉండదు. నీ ఇష్టం."

"మీ పిల్లలకి నీతులు కావాలి సరే, వీడికి ఊరక్కర్లేదా?" మారిలిన్ గొంతు లేచింది. "పదేళ్ళు ఎక్కడెక్కడో తిరిగి ఇంటికొస్తున్నాడు!"

"కావాలమ్మా. అందుకే వాడిష్టం అన్నా."

బాణలిలో ముక్కలు మాడుతున్న వాసన వస్తే మారిలిన్ వెళ్ళి మంట ఆపేసింది. అప్పుడు హాలు తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. ఫెర్నాన్ రెండు చేతుల్లో రెండు బీరు గ్లాసులు పట్టుకుని, మోచేత్తో తలుపు నెట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. ఆయన వెనక హాలు ఒక్కసారిగా సద్దుమణిగింది.

"ఇక్కడే ఉన్నావని తెలుసులే. వాళ్ళ సంగతి వదిలెయ్, నాకు కోపం లేదు. బంతి బాగా తీశావు, మీ నాన్న చూసుంటే ఈల వేసేవాడు." ముసలాయన ఒక గ్లాసు ముందుకి చాచబోయి ఆగాడు. "ఒక్కటే అడగాలని వచ్చా. మీ నాన్న ఉంటే ఆయనే అడిగేవాడు. ఆ కుర్రాడు మీదికొస్తున్నప్పుడు, ఎంతసేపో కాదు, ఒక్క క్షణం... మేం గుర్తొచ్చామారా?"

హాల్లో అందరూ వింటున్నారు. మారిలిన్ తమ్ముడి వైపే చూస్తోంది, చెప్పరా అన్నట్టు. కార్లియే నేలమీద పలకల్ని చూస్తున్నాడు. నిజం చెబితే చాలు. ఆ ముసలాయన అక్కడే కావలించుకునేవాడు. పైన రంగు వేసిన గది సిద్ధంగా ఉంది. సిల్వాన్‌కి ఏడుపొచ్చింది, మింగేశాడు.

"లేదు బాబాయ్."

"ఒక్క క్షణం కూడా?"

"ఆడేటప్పుడు నాకెవరూ గుర్తురారు."

ఫెర్నాన్ సరే సరే అన్నట్టు తలూపాడు. తర్వాత రెండు గ్లాసులూ పట్టుకుని వెనక్కి తిరిగి హాల్లోకి వెళ్ళిపోయాడు.